కంఠసర్పి సీరం సీసా: ఏం చేస్తుంది, ఏం చేయలేదు

కంఠసర్పి అంటే డిఫ్తీరియా. దాని విషానికి విరుగుడైన సీరం, డిఫ్తీరియా యాంటీటాక్సిన్, సీసా చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. సాధారణంగా 10 మిల్లీలీటర్ల గాజు సీసా, అందులో 10,000 యూనిట్లు, నీళ్లలాగో లేత పసుపుగానో ఉండే ద్రవం. లేబుల్ మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వరాదు అన్న హెచ్చరిక, ఇంకా గుర్రం నుంచి తయారైందన్న మాట. ఈ మందు బలం, బెడద రెండూ ఆ చివరి మాటలోనే ఉన్నాయి. వాడే రోగికి దీన్ని ఎంచుకునే తీరిక ఉండదు. కాబట్టి ఈ సమీక్ష మందుల గదికి దీన్ని తెప్పించేవాళ్ల కోసం, సీసా మూత తీసేవాళ్ల కోసం, బిడ్డకు ఏం ఎక్కిస్తున్నారో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రుల కోసం.

తీర్పు ముందే చెప్పేస్తాం. కంఠసర్పి విషానికి ఇంతకు మించిన విరుగుడు ఇంకా వాడుకలోకి రాలేదు. కానీ సీసాలో ఎన్ని యూనిట్లున్నాయన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఏ రోజు తెరిచారన్నది అంతకంటే ముఖ్యం. జబ్బు మొదలైన రోజునే ఎక్కిస్తే ఐదు నక్షత్రాలు ధారాళంగా ఇవ్వొచ్చు. ఐదో రోజున ఎక్కిస్తే రెండు ఇవ్వడానికీ చెయ్యి రాదు. మందు అదే, బ్యాచ్ కూడా అదే.

ఈ తేడా ఎందుకో తెలియాలంటే జబ్బు పని చేసే తీరు చూడాలి. కొరినెబ్యాక్టీరియం డిఫ్తీరియే అనే ఈ క్రిమి ఒంట్లోకి లోతుగా పోయే రకం కాదు. టాన్సిల్స్ మీద, అంగిలి మీద, ముక్కులో, స్వరపేటికలో, ఒక్కోసారి చర్మం మీది పుండులో మకాం వేస్తుంది. అక్కడే కూర్చుని విషం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. గుండె, నరాలు, మూత్రపిండాలు దెబ్బతినేది ఆ విషం వల్లే. తమాషా ఏమిటంటే ఆ విషం జన్యువు క్రిమి సొంత ఆస్తి కాదు, బ్యాక్టీరియాలకు సోకే ఫేజ్ అనే వైరస్ తెచ్చిపెట్టింది. విషం లేని క్రిమికి ఆ ఫేజ్ సోకిస్తే విషం తయారుచేయడం మొదలుపెడుతుందని 1951లో ఫ్రీమన్ చూపించాడు. చుట్టూ ఇనుము తగ్గినప్పుడు ఆ తయారీ ఇంకా జోరందుకుంటుంది.

విషం అణువులో ఏ, బి అని రెండు భాగాలుంటాయి. బి భాగం కణం పైపొరను పట్టుకుంటుంది, ఏ భాగం దాని సాయంతో లోపలికి జారుతుంది. లోపల ప్రోటీన్ల తయారీకి తప్పనిసరైన ఈఎఫ్-2 అనే పనిముట్టును పాడుచేస్తుంది. ప్రోటీన్లు ఆగిపోతే కణం బతకదు. ఏ భాగం ఒక్క అణువు లోపలికి చేరినా ఒక కణం చావడానికి చాలు. సీరంలో ఉన్న యాంటీబాడీలు రక్తంలో తిరిగే విషాన్ని మాత్రమే పట్టుకుంటాయి. గుమ్మం దాటి లోపలికి పోయిన విషం వాటికి అందదు. అంటే సీరం జరిగిన నష్టాన్ని బాగుచేయదు, జరగబోయే నష్టాన్ని ఆపుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆపడానికి మిగిలేది తగ్గుతూ పోతుంది. సీరం ఇచ్చినా గుండె ఆగిపోయిందేమిటన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

పని చేస్తుందనడానికి రుజువు బలంగానే ఉంది. 1896–97లో కోపెన్‌హేగన్‌లో యోహానెస్ ఫీబిగర్ అనే వైద్యుడు, రోగి ఆసుపత్రిలో చేరిన రోజును బట్టి, రోజు విడిచి రోజు చొప్పున, రోగులకు సీరం ఇచ్చి చూశాడు. సీరం ఇచ్చిన 239 మందిలో 8 మంది చనిపోయారు, ఇవ్వని 245 మందిలో 30 మంది. అంత పాత కాలంలో ఇంత నికార్సయిన పరీక్ష జరిగిన మందులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు అలాంటి పరీక్ష మళ్లీ చేయడం కుదరదు, సీరం ఇవ్వకుండా ఊరుకోవడం తప్పు కాబట్టి.

తెరవాలా వద్దా

కొత్తగా వాడేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ల్యాబ్ రిపోర్టు వచ్చాక మొదలుపెడదామనుకుంటారు. రిపోర్టుకు రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజుల్లో సీరం విలువ సగం కరిగిపోతుంది. అనుమానం గట్టిగా ఉంటే గొంతులోంచి దూది పుల్లతో నమూనా (స్వాబ్) తీసి పంపి, ఫలితం కోసం ఆగకుండా సీరం మొదలుపెట్టాలి. అనుమానం గట్టిదో కాదో తేల్చుకునేది గొంతులోకి చూసే.

నాలుకను పలకతో నొక్కి టార్చి వేసి చూడండి. మామూలు గొంతు నొప్పిలో టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, అక్కడక్కడ తెల్లటి చీము చుక్కలుంటాయి, స్వాబ్‌తో తుడిస్తే లేచి వస్తాయి. కంఠసర్పిలో ఉండేది పొర. మొదట తెల్లగా తడి మెరుపుతో ఉండి, ఒకటి రెండు రోజుల్లో బూడిద రంగుకు తిరుగుతుంది, లోపల రక్తం ఊరితే నల్లబడుతుంది. అంచులు కింది కండకు అతుక్కుని ఉంటాయి. లేపబోతే రక్తం వస్తుంది. టాన్సిల్ హద్దు దాటి కొండనాలుక మీదికి, మెత్తటి అంగిలి మీదికి పాకుతుంది. పొర టాన్సిల్ దాటిందంటే అనుమానం చాలా బలపడినట్టే. పరీక్ష కోసమని దాన్ని పీకడానికి మాత్రం చూడొద్దు. రక్తం కారుతుంది, ముక్క ఊడి ఊపిరి గొట్టంలో పడే ప్రమాదమూ ఉంది.

జ్వరం మోసం చేస్తుంది. ఒళ్లు కాలిపోదు, తరచూ 38 డిగ్రీల చుట్టూ ఆగిపోతుంది. కానీ బిడ్డ వాడిపోయి ఉంటాడు, నాడి జ్వరానికి మించిన వేగంతో కొట్టుకుంటుంది. దవడ కింద గ్రంథులు, చుట్టూ ఉన్న కండ ఉబ్బి మెడ దవడతో సమానమైతే దాన్ని ఎద్దు మెడ అంటారు. అది తీవ్రతకు గుర్తు. ముక్కులోంచి రక్తపు చారలతో నీరు కారుతుంటే ముక్కులోనూ చూడాలి. గొంతు బొంగురుపోయి ఊపిరి తీసేటప్పుడు కూత వినిపిస్తుంటే జబ్బు స్వరపేటికను కూడా పట్టిందని అనుమానించాలి. అలాంటప్పుడు సీరం కంటే ముందు శ్వాస దారి సంగతి. గాలి ఆడకపోతే ఏ విరుగుడూ పనికిరాదు. ట్యూబు వేయగలవాళ్లు, గొంతుకు రంధ్రం చేయగలవాళ్లు దగ్గర ఉండాలి. కూత వినిపిస్తున్న బిడ్డను పరీక్షల పేరుతో వెల్లకిలా పడుకోబెట్టి ఏడిపించడం ప్రాణాంతకం.

మోతాదు: బరువును చూడొద్దు

అలవాటు ప్రకారం పిల్లల మందును బరువుతో లెక్కిస్తాం. ఈ సీరానికి అది వర్తించదు. పిల్లలకూ పెద్దలకూ యూనిట్లు ఒకటే, ఎందుకంటే లెక్క ఒంట్లో ఉన్న విషానికి. విషం ఎంతుందో కొలవలేం కాబట్టి పొర ఎంత పాకింది, ఎన్ని రోజులైంది అన్నవే కొలమానం. ఏళ్లుగా వాడుకలో ఉన్న అంచనా ఇది: గొంతు లేదా స్వరపేటికకే పరిమితమై 48 గంటలలోపు అయితే 20,000 నుంచి 40,000 యూనిట్లు. ముక్కు వెనక భాగానికి పాకితే 40,000 నుంచి 60,000. మూడు రోజులు దాటినా, ఎద్దు మెడ కనిపించినా 80,000 నుంచి లక్ష, కొన్ని పట్టికల్లో లక్షా ఇరవై వేల దాకా. చర్మం మీది జబ్బుకు, ఇవ్వాల్సి వస్తే, 20,000 నుంచి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తీవ్రతను, గడిచిన సమయాన్ని బట్టి మోతాదు పెంచుతూ పోవాలనే చెబుతున్నాయి. చేతిలో ఉన్న సీసాతో వచ్చిన కాగితం, ఆసుపత్రి పట్టిక వేరుగా చెబితే వాటినే అనుసరించాలి.

సీసాల్లో లెక్కేసుకుంటే అసలు సంగతి కనిపిస్తుంది. ఎద్దు మెడతో వచ్చిన ఒక్క రోగికి ఎనిమిది నుంచి పది సీసాలు. మందుల గదిలో రెండు సీసాలు పెట్టుకుని ఉన్నాయిలే అనుకునేవాళ్లకు తొందరగా వచ్చిన రోగికి కూడా అవి చాలీచాలక సరిపోతాయి. మోతాదు మొత్తం ఒకేసారి ఇవ్వాలి. ఇవాళ రెండు, రేపు రెండు అని విడగొడితే మధ్యలో విషం కణాల్లోకి చేరిపోతుంది.

ఎక్కించే పద్ధతి. తీవ్రమైన జబ్బులో సిరలోకే ఇవ్వాలి, కండలోకి ఇస్తే రక్తంలోకి చేరేసరికి ఆలస్యమవుతుంది. సీరాన్ని 250 నుంచి 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి 2 నుంచి 4 గంటల్లో నెమ్మదిగా ఎక్కిస్తారు. పసిపిల్లలకు అంత ద్రవం పోస్తే గుండెకు భారం. అక్కడ తగ్గించాల్సింది సెలైన్, యూనిట్లు కావు. ఈ రెండింటినీ కలగలిపి సగం బరువు కాబట్టి సగం సీరం అనడం తరచూ కనిపించే పొరపాటు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను అలాగే ఎక్కించకుండా చల్లదనం పోనివ్వాలి, 32 నుంచి 34 డిగ్రీలు చాలు. తొందరపడి వేడి నీళ్లలో ముంచితే యాంటీబాడీలు ప్రోటీన్లు కాబట్టి చెడిపోతాయి. మబ్బుగా మారిన సీసాను, అడుగున మడ్డి కనిపించే సీసాను వాడకూడదు.

గుర్రం తెచ్చే బెడద

ఈ మందు తయారీ 1890ల నాటి ఆలోచనే. 1888లో రూ, యెర్సిన్ అనే శాస్త్రవేత్తలు విషాన్ని వేరుచేశారు. 1890లో బేరింగ్, కితసాటో సీరంలో విరుగుడు ఉంటుందని చూపించారు, బేరింగ్‌కు 1901లో వైద్యంలో మొదటి నోబెల్ వచ్చింది. గుర్రానికి విషహీనం చేసిన టాక్సాయిడ్‌ను కొద్దికొద్దిగా ఎక్కిస్తూ పోతే దాని రక్తంలో యాంటీబాడీలు పెరుగుతాయి. ఆ రక్తంలోంచి ప్లాస్మా తీసి శుద్ధి చేస్తారు. ఇప్పటి సీసాల్లో చాలావాటిలో పెప్సిన్ ఎంజైముతో యాంటీబాడీ తోక భాగాన్ని కోసేసి, విషాన్ని పట్టుకునే కొసలను మాత్రం ఉంచుతారు. దానివల్ల అలర్జీ తగ్గింది, పోలేదు.

శుద్ధి, పరీక్ష అన్నవి పేరుకు పెట్టినవి కావు. 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జిమ్ అనే గుర్రానికి ధనుర్వాతం వచ్చింది. దాని సీరం పరీక్ష లేకుండా బయటికి పోయి 13 మంది పిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాది ఆ దేశంలో సీరాలు, టీకాల తయారీ మీద నియంత్రణ చట్టం వచ్చింది. సీసా మీద బ్యాచ్ నంబరు చూసినప్పుడల్లా ఆ సంగతి గుర్తుకు తెచ్చుకోవచ్చు.

వాడకంలో వచ్చే ఇబ్బందులు మూడు రకాలు, మూడూ మూడు వేళల్లో. మొదటిది నిమిషాల్లో వచ్చే అనాఫిలాక్సిస్ అనే తీవ్ర అలర్జీ: దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, రక్తపోటు పడిపోవడం. అరుదు, కానీ సిద్ధంగా లేకపోతే ప్రాణం పోతుంది. అందుకే సీరం సీసా తీయకముందే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకోవాలి. వెయ్యికి ఒకటి గాఢతది, కిలోకు 0.01 మిల్లీలీటరు చొప్పున తొడ బయటి వైపు కండలోకి, గరిష్ఠంగా 0.5 మిల్లీలీటరు. 20 కిలోల బిడ్డకు 0.2 మిల్లీలీటరు. ఈ అంకె మంచం పక్కన కాగితం మీద పెద్దగా రాసి ఉంచడం ఖర్చు లేని జాగ్రత్త. ముందు సీరం డ్రిప్ ఆపడం, తర్వాత అడ్రినలిన్, ఆ వెనక మిగతావన్నీ.

రెండోది గంటలోపు వచ్చే చలి, వణుకు, జ్వరం. డ్రిప్ వేగం తగ్గించి జ్వరం మందు ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. మూడోది సీరం సిక్‌నెస్. వారం నుంచి పది రోజులకు జ్వరం, దురద దద్దుర్లు, కీళ్ల నొప్పులు, గ్రంథుల వాపు. ఇంటికి వెళ్లిపోయిన రోగి ఇలా తిరిగి వస్తే జబ్బు తిరగబెట్టిందనుకుని కంగారుపడతారు. డిశ్చార్జి కాగితం మీద ఒక్క వాక్యం రాసి పంపితే ఆ కంగారు ఉండదు.

ముందుగా చర్మ పరీక్ష చేయాలా? సీరాన్ని వెయ్యికి ఒకటి పలచన చేసి 0.02 మిల్లీలీటరు చర్మంలోకి ఎక్కించి, పక్కన సెలైన్ ఎక్కించి, 15 నుంచి 20 నిమిషాలు చూడటం పాత పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు అందరికీ ఈ పరీక్ష చేయనక్కర్లేదంటున్నాయి. ఆ మాటతో ఏకీభవిస్తాం. పరీక్షలో ఏమీ రానివాడికి తర్వాత అనాఫిలాక్సిస్ రావచ్చు, చర్మం ఉబ్బినవాడు సీరాన్ని తట్టుకోనూవచ్చు. పైగా యాంటీహిస్టమిన్ (అలర్జీ మాత్ర) మింగి ఉంటే ఫలితం తప్పుతుంది. ఆ పరీక్ష ఇచ్చే ధైర్యంతో అడ్రినలిన్ పక్కన పెట్టడం మానేయడం అసలు ప్రమాదం. గుర్రపు సీరం ఇంతకుముందు పడలేదని తెలిసినవాళ్లకు, ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం చర్మ పరీక్ష, అవసరమైతే అతి చిన్న మోతాదుల నుంచి మెట్టుమెట్టుగా పెంచుతూ పోవడం న్యాయమే.

తోడు మందులు

యాంటీబయాటిక్‌ను సీరానికి బదులుగా అనుకోవద్దు. అది క్రిమిని చంపి విషం తయారీని ఆపుతుంది, ఇతరులకు అంటకుండా చేస్తుంది. తయారైపోయిన విషాన్ని ఏమీ చేయదు. ఎరిత్రోమైసిన్ రోజుకు కిలోకు 40–50 మిల్లీగ్రాములు, నాలుగు భాగాలుగా, రోజుకు 2 గ్రాములు మించకుండా, 14 రోజులు. అజిత్రోమైసిన్ కూడా పనికొస్తుంది. పెన్సిలిన్ పాత నేస్తం, కానీ 2024 మార్గదర్శకాలు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ చేరిన మాక్రోలైడ్ల తెగకే మొగ్గు చూపాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది: మాక్రోలైడ్లు ఈసీజీలో క్యూటీ విరామాన్ని (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే వ్యవధిని) పొడిగిస్తాయి, జబ్బేమో గుండెనే పట్టుకుంటుంది. మందు మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, తర్వాత తరచుగా ఈసీజీలు తీస్తేనే ఏది ఎవరి పనో తెలుస్తుంది.

14 రోజులు మింగడం పూర్తయ్యాక, కనీసం 24 గంటలు ఆగి, ఒక రోజు ఎడంతో రెండు స్వాబ్‌లు క్రిమి లేదని తేలాకే ఐసొలేషన్ ముగిసినట్టు. ఇంట్లోవాళ్లకూ స్వాబ్ తీసి, ఏడు నుంచి పది రోజులు ఎరిత్రోమైసిన్ ఇస్తారు, లేదా ఒక్క బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్: ఆరేళ్ల లోపు 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షలు. మాత్ర మధ్యలో మానేసే ఇంట్లో ఇంజెక్షనే మేలు.

ల్యాబ్ సామాను

స్వాబ్ తీయడంలోనే సగం ఫలితం ఉంటుంది. పొర నడిబొడ్డున రుద్దితే చచ్చిన కణాలు వస్తాయి. అంచు కింద, వీలైతే కాస్త లేచిన చోట తిప్పాలి. గొంతుకు ఒకటి, ముక్కుకు ఒకటి. మొదటి యాంటీబయాటిక్ మోతాదుకు ముందే తీస్తే మంచిది. అలా కుదరకపోతే మందును ఆపొద్దు, తర్వాతైనా తీయాలి. నమూనా దారిలో చెడకుండా ఉంచే ఎమీస్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో పెట్టి పంపాలి. చీటీ మీద డిఫ్తీరియా అనుమానం అని రాయకపోతే ల్యాబ్‌లో మామూలు ప్లేటు మీద వేసి గొంతులో ఎప్పుడూ ఉండే క్రిములే అని పంపేస్తారు. నిర్ధారణ తప్పిపోయే చోట్లలో ఇదొకటి.

క్రిములకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే ఆల్బర్ట్ స్టెయిన్ చౌక, తొందరగా అయిపోతుంది. ఆకుపచ్చ కడ్డీల్లాంటి క్రిములు, వాటి కొసల్లో నీలినలుపు గింజలు, వి ఆకారంలో ఒకదానికొకటి వంగి చైనా అక్షరాల్లా కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ దాన్ని నమ్మి తీర్పు చెప్పలేం. గొంతులో సహజంగా ఉండే దాని దాయాదులు కూడా ఇలాగే నటిస్తాయి. కల్చర్‌లో, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షలో, లోఫ్లర్ సీరం స్లోప్ ఆరు నుంచి ఎనిమిది గంటల్లోనే పెరుగుదల చూపిస్తుంది. టెల్యూరైట్ ప్లేటు మీద 24 నుంచి 48 గంటల్లో బూడిద–నలుపు గుంపులు వస్తాయి, టిన్స్‌డేల్ ప్లేటు మీద వాటి చుట్టూ గోధుమ రంగు వలయం కడుతుంది. టిన్స్‌డేల్ ప్లేటు చూడగానే గుర్తుపట్టేంత స్పష్టం, కానీ ఎక్కువ రోజులు నిలవ ఉండదు.

క్రిమి దొరికినంత మాత్రాన విషం ఉన్నట్టు కాదు కాబట్టి అసలు తీర్పు ఎలెక్ పరీక్షది, 1949 నుంచీ. సీరంలో తడిపిన వడపోత కాగితం ముక్కను అగర్‌లో (క్రిములను పెంచే జెల్లీలో) పెట్టి, దానికి అడ్డంగా క్రిములను గీతలుగా వేస్తారు. విషం, విరుగుడు ఎదురుపడ్డ చోట సన్నటి తెల్ల గీత వాలుగా ఏర్పడుతుంది. పక్కనే వేసిన తెలిసిన విషపు క్రిమి గీతతో అది కలిసిపోవాలి. కలవకుండా దాటిపోతే అది వేరే గీత, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చూసే కన్నుకు అలవాటు కావాలి. పీసీఆర్ గంటల్లో విషం జన్యువు ఉందో లేదో చెబుతుంది, కానీ జన్యువు ఉండి విషం తయారుచేయని క్రిములు కొన్ని ఉంటాయి. జన్యువు లేదని చెబితే పీసీఆర్‌ను బాగానే నమ్మొచ్చు, ఉందని చెబితే ఎలెక్‌తో నిర్ధారించుకోవాలి. విచిత్రం ఏమిటంటే ఎలెక్‌కు కావలసిందీ అదే యాంటీటాక్సిన్. సీరం కొరత వచ్చినప్పుడు మంచం పక్కన ఎంత ఇబ్బందో ల్యాబ్ బల్ల మీదా అంతే.

కొరతకు కారణం తేలికే. టీకాలతో జబ్బు తగ్గిపోయింది, కొనేవాళ్లు తగ్గారు, గుర్రాలను ఏళ్ల తరబడి పోషించే తయారీదారులు ఒక్కొక్కరే మానుకున్నారు. జబ్బు ఒక్కసారిగా విజృంభించినప్పుడు మాత్రం వేల సీసాలు కావాలి. 1990లలో పాత సోవియట్ దేశాల్లో లక్షన్నర మందికి పైగా జబ్బు పడ్డారు. మనిషి యాంటీబాడీలతో, గుర్రం ప్రమేయం లేకుండా విరుగుడు చేసే ప్రయత్నాలు పరిశోధన దశలో ఉన్నాయి.

దీని పోటీదారు

పోటీదారు అంటే టీకా. పోల్చి చూస్తే సీరం వెలవెలబోతుంది. 1923లో రామోన్ విషాన్ని ఫార్మలిన్‌తో చచ్చుబరిచి టాక్సాయిడ్ చేశాడు. ఆ విషం కోసం 1890లలో దొరికిన పార్క్–విలియమ్స్ 8 అనే క్రిమి జాతినే తయారీదారులు ఇవాళ్టికీ పెంచుతున్నారు. సీరం అరువు తెచ్చిన రక్షణ, రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. టాక్సాయిడ్ మన ఒంటి చేతే విరుగుడు తయారు చేయిస్తుంది.

పసిపిల్లలకు వేసే పెద్ద డి (డి అంటే డిఫ్తీరియా టాక్సాయిడ్) మోతాదులో 30 యూనిట్లు లేదా అంతకు మించి శక్తి ఉంటుంది. ఏడేళ్లు దాటినవాళ్లకు వేసే టీడీ టీకాలో చిన్న డి, చాలా తక్కువ. పెద్దవాళ్లకు పెద్ద మోతాదు వేస్తే చెయ్యి బాగా వాస్తుంది కాబట్టి. ఆరు వారాల వయసు నుంచి కనీసం నాలుగు వారాల ఎడంతో మూడు మోతాదులు, తర్వాత రెండో ఏట, నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య, తొమ్మిది నుంచి పదిహేనేళ్ల మధ్య ఒక్కో బూస్టర్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బూస్టర్లు మానేసిన వయసుల్లోనే జబ్బు కన్నం వేస్తుంది. టీకాకు ఉన్న ఒక లోపం: ఇది విషాన్ని ఆపుతుంది, క్రిమి గొంతులో చేరడాన్ని పూర్తిగా ఆపదు. టీకా వేసుకున్నవాడు ఏ నలతా లేకుండా క్రిమిని మోసుకు తిరగవచ్చు.

టీకా కూడా గడ్డకడితే పాడవుతుంది. అనుమానం వస్తే చేసే పరీక్ష ఇలా ఉంటుంది: అదే తయారీదారు, అదే బ్యాచ్‌కు చెందిన ఒక సీసాను కావాలని గడ్డకట్టించి కరిగించండి. దాన్నీ అనుమానపు సీసానూ ఒక చేతిలో పట్టుకుని ఊపి, బల్ల మీద పెట్టి అరగంట చూడండి. గడ్డకట్టినదానిలో అడుగున మడ్డి వేగంగా పేరుకుని పైన తేట నీరు నిలుస్తుంది. అనుమానపు సీసా కూడా అంతే వేగంగా తేరుకుంటే పారేయాల్సిందే. గడ్డకట్టించిన సీసా మీద ముందే వాడరాదు అని రాసిపెట్టుకోవాలి, లేకపోతే అదే ఎవరికో వేసేస్తారు.

జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు కూడా టీకా వేయాలి. ప్రాణం తీయగల మోతాదు విషం కూడా నమ్మదగ్గ రక్షణ మిగల్చకపోవచ్చు, ఎక్కించిన సీరమేమో వారాల్లో పోతుంది.

సీరం ఎక్కించి, పొర ఊడిపోయి, బిడ్డ లేచి కూర్చున్నాక ఫైలు మూసేయాలనిపిస్తుంది. అప్పుడే మూయొద్దు. గుండె కండ వాపు తరచూ మొదటి వారం చివర, రెండో వారంలో బయటపడుతుంది. కాబట్టి మంచం మీద విశ్రాంతి, ఈసీజీ. మాట ముక్కులోంచి వస్తున్నా, తాగిన నీళ్లు ముక్కులోంచి తిరిగి వస్తున్నా అంగిలి నరాలు పట్టుకున్నట్టు. దగ్గరి అక్షరాలు మసకబారడం ఇంకొన్నాళ్లకు రావచ్చు, కాళ్లు చేతుల బలహీనత నెలన్నర, మూడు నెలలకైనా కనిపించవచ్చు. ఆలస్యంగా వచ్చే ఈ నరాల జబ్బు నిదానంగా అయినా సాధారణంగా పూర్తిగా తగ్గుతుంది. దానికి మళ్లీ సీరం ఎక్కించి లాభం లేదు.

ఫైలులో ఇంకొకటి రాయాలి: ఏ బ్యాచ్, ఎన్ని యూనిట్లు, ఏ తేదీన ఇచ్చారు, ఏ రియాక్షన్ వచ్చింది, గుర్రపు సీరం అని స్పష్టంగా. పాము కాటుకు ఇచ్చే విరుగుడు, కుక్క కాటుకు ఇచ్చే కొన్ని సీరాలు కూడా గుర్రం నుంచే వస్తాయి. పదేళ్ల తర్వాత ఏ పామో కరిచి ఇదే మనిషిని మంచం మీదికి తెచ్చినప్పుడు డ్రిప్ పెట్టబోయే చేతికి ముందుగా తెలియాల్సిన సంగతి అది. ఒక నకలు ఆసుపత్రిలో ఉంచుకుని, ఒకటి రోగి ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వాలి.